సెరెండిపిటీ అంటే ఉత్త అదృష్టమేనా? తెలుగులో ఏం రాయాలి?

మాటలమూట
విశాఖ దగ్గర బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ గురించి బడిపిల్లల కోసం పెట్టే ఒక బోర్డును తెలుగు చేస్తున్నాను. ఇంగ్లిష్ మూలంలో ఈ చోటు బయటపడటం ‘ప్యూర్ సెరెండిపిటీ’ అని ఉంది. నిఘంటువులు తిరగేస్తే అదృష్టం, యాదృచ్ఛికత, అనుకోని లాభం అని తలో మాటా చెబుతున్నాయి. ‘అదృష్టవశాత్తూ తొట్లకొండ బయటపడింది’ అని రాస్తే ఎవరికో లాటరీ తగిలినట్టుంది. ‘కాకతాళీయంగా’ అంటే ఏడో తరగతి పిల్లలు దాటుకుని పోతారు. అడిగేవి రెండు. ఈ మాట అర్థం ఎంతవరకు? బోర్డు మీద ఒక్క వాక్యంలో ఏం రాయొచ్చు? జాగా పన్నెండు మాటలకే ఉంది.

పూర్ణామార్కెట్‌వాసి
లక్కు అని రాసెయ్యండి. ఏడో తరగతి ఏటి, ఒకటో తరగతికీ తెలుస్తాది.

పదకోశం
లక్కు అంటే సగం అర్థమే వచ్చినట్టు. పుట్టినరోజు తెలిసిన మాటలు బహు తక్కువ, వాటిలో ఇదొకటి: 1754 జనవరి 28. హోరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లిష్ రచయిత ఫ్లోరెన్సులో ఉన్న స్నేహితుడు హోరేస్ మాన్‌కి ఆ రోజు రాసిన ఉత్తరంలో ఈ మాట మొదటిసారి వాడాడు. సెరెండిప్ రాజుగారి ముగ్గురు కొడుకుల కథ నుంచి తీసుకున్నానని తనే చెప్పాడు. ఆ రాకుమారులు దారిన పోతూ, తాము వెతకని సంగతుల్ని యాక్సిడెంటు వల్లా సగాసిటీ వల్లా తెలుసుకుంటూ ఉంటారట. ఆ రెండు మాటల్నీ ఆయన పక్కపక్కనే పెట్టాడు. మొదటిది తటస్థపడటం, రెండోది చురుకైన బుద్ధి. మన నిఘంటువులు మొదటిది ఉంచి రెండోది వదిలేశాయి. మీకు లాటరీ తగిలినట్టు అనిపించింది అందుకే.

ఇక సెరెండిప్ అంటే శ్రీలంకే. సంస్కృతంలో సింహళద్వీపం, అరబ్బు నావికుల నోట సరన్‌దీబ్, పారశీకంలో సరందీప్, అక్కణ్ణుంచి ఇటలీ, ఆపైన ఇంగ్లండు. చివర ఉన్న ‘డిప్’ మన ద్వీపమే.

డాల్ఫిన్‌నోస్
ఇది తెలియదు! అయితే సింహళం అనే మన మాట ఊళ్ళన్నీ తిరిగి ఇంగ్లిష్ వేషంలో మళ్ళీ మన దగ్గరికే వచ్చిందన్నమాట. నాగార్జునకొండ బౌద్ధ శాసనంలో సీహళ విహారం, అంటే సింహళ విహారం, ప్రస్తావన కూడా ఉంది కదా. తొట్లకొండ బోర్డు మీద ఈ మాటే పడటం భలే కుదిరింది.

కంచరపాలెం_కుర్రాడు
ఆ రాకుమారుల కథ ఏమిటో ఎవరైనా చెప్పండి.

పదకోశం
ముగ్గురూ దారిలో వెళుతుంటే ఒంటె తప్పిపోయినవాడు ఎదురుపడతాడు. వీళ్ళు ఒంటెను చూడనేలేదు, కానీ అడుగుతారు: నీ ఒంటెకి ఒక కన్ను లేదా? ఒక పన్ను ఊడిందా? కుంటిదా? అన్నీ నిజమే. ఎలా తెలిసింది? దారికి ఒక పక్క పచ్చిక దట్టంగా ఉన్నా ముట్టలేదు, రెండో పక్క పల్చటి గడ్డిని మాత్రం కొరికింది. అంటే పచ్చిక ఉన్న వైపు కన్ను కనబడదు. నమిలిన గడ్డి ముద్దలు పన్ను సందంత సైజులో జారి దారి పొడుగునా పడి ఉన్నాయి. మూడు కాళ్ళ అడుగులు తేటగా ఉంటే, నాలుగోది ఈడ్చిన గీత. వాల్‌పోల్ తన ఉత్తరంలో కంటి సంగతి ఒక్కటే చెప్పాడు, పైగా ఒంటెను కంచరగాడిద చేసేశాడు.

వాళ్ళు ఒంటె కోసం బయల్దేరలేదు. గడ్డి కంటపడింది. కంటపడినదాన్ని చదవగలిగారు. ఈ రెండూ ఉంటేనే సెరెండిపిటీ.

జువాలజీ_మద్దిలపాలెం
సైన్సులో దీన్ని అందుకే ఇష్టంగా వాడతారు. 1928 సెప్టెంబరులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవు నుంచి తిరిగొచ్చేసరికి స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాను పెంచిన గాజు పళ్ళెంలో బూజు పట్టి ఉంది. బూజు చుట్టూ ఒక వలయం మేర బ్యాక్టీరియా గుంపులు కరిగిపోయాయి. బూజు పట్టడం ఏ ల్యాబులోనైనా జరిగేదే, పట్టిన పళ్ళెం కడిగి పారేస్తారు. ఆ వలయం దగ్గర ఆగిన కన్నే పెన్సిలిన్‌కి దారి చూపింది. ‘పరిశీలన రంగంలో, సిద్ధంగా ఉన్న బుద్ధికే అవకాశం కలిసొస్తుంది’ అని లూయీ పాశ్చర్ 1854లో చేసిన ప్రసంగంలో అన్నది కూడా ఇదే.

డాల్ఫిన్‌నోస్
మన దగ్గర కూడా ఉందిగా. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, దోమ కడుపులో మలేరియా క్రిమి. అదీ సెరెండిపిటీయే.

జువాలజీ_మద్దిలపాలెం
కాదు. ఈ తప్పు చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. రాస్ సరిగ్గా దానికోసమే వెతుకుతున్నాడు. దోమే మలేరియాను మోస్తుందని నమ్మి, 1895 నుంచీ దోమల్ని కోసి చూస్తూనే ఉన్నాడు. 1897 ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న దోమ కడుపు గోడలో ఆ క్రిమి కనిపించింది. అంతకుముందు కోసినవి ఎక్కువగా మలేరియా మోయని జాతులు కాబట్టి దొరకలేదు. సరైన జాతి చేతికి రావడంలో కొంత అదృష్టం ఉంది, ఒప్పుకుంటాను. కానీ వెతికిందే దొరికింది. దాన్ని పట్టుదల అనాలి. సెరెండిపిటీ అంటే ఆయన కష్టాన్ని తగ్గించినట్టు.

ఎర్రమట్టిదిబ్బ
‘వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు’ అనే సామెత చేతిలో ఉంచుకుని ఇంత దూరం ఎందుకు? సెరెండిపిటీకి అచ్చ తెలుగు ఇదే.

అనువాదాలు_సిరిపురం
అచ్చ తెలుగే, అర్థమే వేరు. ఆ సామెతలో తీగ కోసమే బయల్దేరాం, కష్టపడకుండా దొరికింది. సెరెండిపిటీలో తీగ కోసం వెళితే పుట్టతేనె దొరకాలి.

ఎర్రమట్టిదిబ్బ
అదే ఉత్తరంలో వాల్‌పోల్ ‘నాకు కావలసింది ఎక్కడ చెయ్యి పెడితే అక్కడే దొరుకుతుంది’ అనే అర్థంలో కూడా రాశాడు. పాత వెనిస్ వంశచిహ్నాల పుస్తకం తీస్తే కపెల్లో వారి చిహ్నం తగిలిందని చెప్పిన సందర్భంలో. అది అచ్చంగా వెతకబోయిన తీగేగా?

పదకోశం
ఒప్పుకుంటున్నాను, మంచి పాయింటు. ఆయన సొంత ఉదాహరణ మీ సామెతకే దగ్గర. కానీ కొన్ని వాక్యాల తర్వాత ఇచ్చిన నిర్వచనంలో ‘వెతకని సంగతులు’ అని స్పష్టంగా ఉంది. తర్వాతివాళ్ళు ఉదాహరణను వదిలి నిర్వచనాన్నే పట్టుకున్నారు. ఇవాళ వాడుకలో ఉన్నదీ అదే. పాత వాక్యం తర్జుమా చేస్తుంటే మీ సామెత పనికొస్తుంది, తొట్లకొండకు పనికిరాదు.

కంచరపాలెం_కుర్రాడు
మరి ఫ్లూక్? మేం రోజూ వాడేది అదే. కళ్ళు మూసుకుని బ్యాటు ఊపితే అంచుకి తగిలి స్లిప్ మీదుగా ఫోర్ వెళ్ళింది, ఫ్లూకు.

పదకోశం
ఆ వాడకం సరైనదే. ఇంగ్లిష్‌లో ఫ్లూక్ అదృష్టం అర్థంలో మొదట కనిపించేది 1850ల్లో, బిలియర్డ్స్ ఆటలో. ఒక బంతికి గురిపెడితే ఇంకోటి గుంటలో పడటం. ఫ్లూకులో తెలివికి చోటు లేదు. ఇంకో తేడా, ఫ్లూకు అంటే పొగడ్త కాదు. ‘నీ ర్యాంకు ఫ్లూకు’ అంటే నీకంత లేదు అన్నట్టే. ‘నీ ర్యాంకు సెరెండిపిటీ’ అని మాత్రం ఎవరూ అనరు, ర్యాంకు కోసం చదివే కదా రాసింది.

పూర్ణామార్కెట్‌వాసి
ఫ్లూక్ అంటే లంగరు కొన అని విన్నాను. లంగరు వేస్తే అడుగున ఎక్కడో లక్కుగా పట్టుకుంటాది కాబట్టి ఆ అర్థం వచ్చిందేమో.

లంగరు_హార్బర్
లంగరు రెక్కని ఫ్లూక్ అంటారు, అది నిజం. కానీ లంగరు పట్టడం లక్కు కాదు. రెక్క నేలలోకి దిగాలంటే లాగుడు అడ్డంగా, నేలకి ఆనుకుని రావాలి. అందుకే నీటి లోతుకి కనీసం మూడు నుంచి ఐదు రెట్లు గొలుసు వదులుతారు. తాడైతే తేలిక కాబట్టి ఇంకా ఎక్కువ, ఐదు నుంచి ఏడు రెట్లు. గొలుసు బరువుతో అడుగున పడుకుంటుంది, లంగరు కాడ నేలకి వాలి ఉంటుంది, పడవ వెనక్కి లాగేకొద్దీ రెక్క లోపలికి కూరుకుంటుంది. గొలుసు తక్కువ వదిలితే లాగుడు పైకి వస్తుంది, కాడ లేస్తుంది, రెక్క మట్టిని గీరుకుంటూ జారిపోతుంది. ఇసుక, బంకమట్టి పట్టినట్టు రాతినేల పట్టదు. అక్కడ రెక్క సందులో ఇరుక్కుంటే తీయడమే కష్టం. ఇంత లెక్క ఉన్నదాన్ని అదృష్టం అనకండి.

పదకోశం
భేష్. బిలియర్డ్స్ ఫ్లూక్‌కి దీనికి సంబంధం ఉందని గట్టి ఆధారం లేదు. తిమింగలం తోక రెక్కనీ ఫ్లూక్ అంటారు, ఆకారం లంగరులా ఉంటుందని. చదునుగా ఉండే ఒక రకం చేపకీ, పశువుల కార్జపు జలగకీ ఉన్న ఫ్లూక్ అనే పేరు చాలా పాతది. స్పెల్లింగు ఒకటే, మాటలు వేరు. తర్జుమాలో జాగ్రత్త: లివర్ ఫ్లూక్‌ని ‘కాలేయపు అదృష్టం’ చేసే యంత్రానువాదాలు రాగలవు.

అనువాదాలు_సిరిపురం
ఫ్లూక్‌కి తెలుగులో చక్కటి మాట ఉంది: గాలివాటం. ‘గాలివాటంగా గెలిచాడు’ అంటే ఫ్లూకులో ఉన్న చిన్నచూపుతో సహా వచ్చేస్తుంది. పుస్తకభాషలో అయితే ఘుణాక్షర న్యాయం. పురుగు కర్రను తొలుస్తూ పోతే ఆ గీత ఒకచోట అక్షరంలా కనబడుతుంది, పురుగుకి మాత్రం అక్షరం రాదు. కాకతాళీయం దీనికంటే విశాలం. కాకి తాటిచెట్టు మీద వాలడం, పండు రాలడం ఒకేసారి జరిగాయి, అంతే. పండు కాకికి తిండి అయిందని చెప్పేవారూ ఉన్నారు, కాకి నెత్తిన పడిందని చెప్పేవారూ ఉన్నారు. అందుకే మంచికీ చెడుకీ రెండింటికీ వాడతాం. ఇంగ్లిష్ కోఇన్సిడెన్స్‌కి సరిగ్గా సరిపోయే మాట అది, సెరెండిపిటీకి కాదు.

జీడితోట
విండ్‌ఫాల్ మర్చిపోయారు. అది కూడా అదృష్టం మాటే.

కంచరపాలెం_కుర్రాడు
విండ్‌ఫాల్ ట్యాక్స్ అంటారే, అదేనా?

జీడితోట
అదే. మొదటి అర్థం గాలికి రాలిన కాయ లేదా పడిపోయిన చెట్టు. చెట్టెక్కక్కర్లేదు, కింద ఏరుకోవడమే. అక్కణ్ణుంచి కష్టపడకుండా వచ్చిపడిన డబ్బు అనే అర్థం వచ్చింది. కేంద్రం 2022 జులై 1న వేసి 2024 డిసెంబరులో ఎత్తేసిన పన్ను ఇదే. చమురు ధర ప్రపంచమంతా పెరిగి కంపెనీలకి అదనంగా వచ్చిపడిన లాభం మీద, మొదట్లో దేశంలో తీసిన ముడిచమురుకి టన్నుకి 23,250 రూపాయలు. తెలుగులో ‘ఆకస్మిక లాభాల పన్ను’ అంటే చాలు. ‘గాలివాటు పన్ను’ అంటే పన్నే గాలివాటంగా వేసినట్టుంటుంది.

ఒక్క సంగతి. వైశాఖంలో గాలివానకి రాలిన మామిడికాయని తోటవాళ్ళెవరూ అదృష్టం అనరు. పడిన చోట కాయ లోపల కమిలిపోతుంది, పైకి కనబడదు. ఆవకాయకి కొడితే ఆ ముక్క మెత్తబడి జాడీ అంతా పాడుచేస్తుంది. కమిలిన మేర కోసేసి అదే రోజు ఒరుగులు చేసుకోవాలి. కాబట్టి విండ్‌ఫాల్‌కి రాలిన కాయ అని మక్కీకి మక్కీ దించొద్దు. తెలుగు చెవికి అది నష్టంలా వినిపిస్తుంది.

అనువాదాలు_సిరిపురం
అవును. విండ్‌ఫాల్‌కి మన సామెత ‘పిల్లికి ఉట్టి తెగిపడినట్టు’. కాస్త గౌరవంగా కావాలంటే ‘లంకెబిందెలు దొరికినట్టు’.

ఎర్రమట్టిదిబ్బ
లంకెబిందెలు సెరెండిపిటీ కాదా మరి? బావి తవ్వబోతే బిందెలు. వెతకనిది దొరికింది కదా.

జువాలజీ_మద్దిలపాలెం
బిందెల్ని బిందెలని గుర్తుపట్టడానికి తెలివేం కావాలి? గునపం ఖణేల్‌మంటే ఎవరైనా చూస్తారు. అదే తవ్విన మట్టిలో ఒక పెంకు దొరికితే, అది రెండు వేల ఏళ్ళనాటి కుండపెంకు అని ఒకరు గుర్తుపడితే, అప్పుడు సెరెండిపిటీ.

మాటలమూట
ఇప్పుడు బాగా తెలుస్తోంది. ఇంగ్లిష్‌లో వాడేటప్పుడు జరిగే తప్పులు కూడా చెప్పండి, బోర్డు రెండు భాషల్లోనూ ఉంటుంది.

పదకోశం
పలకడం: సె-రన్-డి-పి-టి. ఊనిక ‘డి’ మీద. మొదటి అక్షరం మీద బలం పెట్టి చివర సాగదీయడం మన అలవాటు.

స్పెల్లింగు 11 అక్షరాలు: ఎస్, ఇ, ఆర్, ఇ, ఎన్, డి, ఐ, పి, ఐ, టి, వై. తరచూ ఎగిరిపోయేది పి తర్వాతి ఐ. రెండో ఇ బదులు ఏ పడటం ఇంకో తప్పు.

దీనికి మామూలుగా బహువచనం వాడరు, ముందు ఏ, ఆన్‌లు కూడా పెట్టరు. ‘బై సెరెండిపిటీ’, ‘మొమెంట్ ఆఫ్ సెరెండిపిటీ’ సరైనవి. ‘ఐ గాట్ ఏ సెరెండిపిటీ’ తప్పు. ఒకరికి శుభాకాంక్షగానూ చెప్పలేం. పరీక్షకి వెళ్ళేవాడికి గుడ్ లక్ చెబుతాం, సెరెండిపిటీ చెప్పం. విశేషణం సెరెండిపిటస్.

డాల్ఫిన్‌నోస్
సెరెనిటీతో కలిపేయడం కూడా. ప్రశాంతత అనుకుని ఫ్లాట్లకీ రిసార్టులకీ ఈ పేరు పెడుతుంటారు.

పదకోశం
రెండింటికీ చుట్టరికమే లేదు. సెరెనిటీ లాటిన్ మాట, ఇది సింహళం నుంచి వచ్చింది. ఇలాగే పొరబడే ఇంకో మాట ఫార్చుయిటస్. ఫార్చునేట్‌లా వినిపిస్తుంది గానీ అసలు అర్థం ‘అనుకోకుండా జరిగిన’ అనే. అనుకోకుండా దెబ్బ తగిలినా ఫార్చుయిటసే. ఇప్పుడు చాలామంది అదృష్టం అర్థంలోనే వాడుతున్నారు, కానీ బోర్డులాంటి చోట వద్దు.

పూర్ణామార్కెట్‌వాసి
సరే, లక్కు వెనక్కి తీసుకుంటున్నా. ‘నక్కతోక తొక్కాడు’ అంటే?

అనువాదాలు_సిరిపురం
అది మనిషికి చెప్పేది, ఇవాళ వాడికి అన్నీ కలిసొచ్చాయి అని. దొరికిన వస్తువుకి చెప్పం.

మూలప్రశ్నకి వస్తాను. సెరెండిపిటీకి తెలుగులో నామవాచకం వెతకడమే మనం చేస్తున్న తప్పు. ఈ అర్థాన్ని మన భాష క్రియల్లో దాచుకుంది. కనుగొన్నారు, కనిపెట్టారు, వెలికితీశారు: వీటిలో వెతుకులాట ఉంది. కంటపడింది, తారసపడింది, ఎదురుపడింది, కాలికి తగిలింది: వీటిలో మనిషి ప్రయత్నం లేదు, వస్తువే వచ్చి తగులుతుంది. వెతకకపోవడం అనే సంగతి క్రియలోనే వచ్చేసింది. ఇక గుర్తుపట్టిన తెలివి కోసం రెండో క్రియ చేర్చాలి. ‘వెతికింది ఒకటి, కంటపడింది ఒకటి’ అంటే ఏడో తరగతి పిల్లలకి నామవాచకం అవసరమే రాదు.

మాటలమూట
అదృష్టం, యాదృచ్ఛికత అంటూ వారం నుంచి నేను కుస్తీ పడుతున్నది నామవాచకాలతోనే! అయితే ఇలా రాయనా: ‘నౌకాదళం తన స్థావరం కోసం వెతుకుతూ తొట్లకొండ బౌద్ధారామాన్ని కనుగొంది.’

జువాలజీ_మద్దిలపాలెం
కనుగొంది వద్దన్నారు కదా. ఇంకోటి, ‘తన స్థావరం కోసం వెతుకుతూ’ అంటే ఉన్న స్థావరం తప్పిపోయినట్టుంది. 1970ల్లో కొత్త స్థావరానికి తగిన చోటు కోసం విమానంలోంచి సర్వే చేశారు, అప్పుడు కొండ మీది శిథిలాలు కనిపించాయి. తవ్వింది నౌకాదళం కాదు, రాష్ట్ర పురావస్తు శాఖ. తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. స్తూపాలు, చైత్యాలు, విహారాలు, నీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్లు అప్పుడు బయటికొచ్చాయి. ఆ తొట్ల వల్లే కొండకి ఆ పేరు.

డాల్ఫిన్‌నోస్
అంటే చూసింది ఒకరు, చదివింది ఇంకొకరు. కథలో గడ్డి చూసినవాడే చదివాడు. ఇక్కడ ఆ పని రెండు శాఖలు పంచుకున్నాయి.

పదకోశం
అందుకే మూలంలోని ‘ప్యూర్’ అనే మాట తీసేయమనండి. ప్యూర్ అంటే కేవలం యాదృచ్ఛికం అనిపిస్తుంది, తవ్వినవాళ్ళ పని కనబడదు.

మాటలమూట
మళ్ళీ రాశాను: ‘నౌకాదళం కొత్త స్థావరానికి చోటు వెతుకుతుంటే కొండ మీద శిథిలాలు కనిపించాయి, పురావస్తు శాఖ బౌద్ధారామమని తేల్చింది.’ సరిగ్గా పన్నెండు కుదరట్లేదు, పదమూడు వచ్చాయి.

అనువాదాలు_సిరిపురం
‘కొత్త’ తీసేయండి, చోటు వెతకడం అంటేనే కొత్తది. ‘కనిపించాయి’ బదులు ‘కంటపడ్డాయి’ పెట్టండి. చూస్తే కనిపిస్తాయి, చూడకపోయినా కంటపడతాయి.

ఎర్రమట్టిదిబ్బ
‘ఆరామం’ కింద చిన్న అక్షరాల్లో ‘భిక్షువులు ఉండే చోటు’ అని వేయండి. పిల్లలు ఆరామం అంటే విశ్రాంతి అనుకుంటారు.

మాటలమూట
మార్చాను. పన్నెండే. రేపు ప్రింటుకి ఇస్తున్నా.